నేల పటము : ఫిలిమునుండి అంకెలకు

శ్రీశైల జలాశయము నిండుగా నున్న దినములలో పగిడ్యాల మండలమునందలి ముచ్చుమర్రి యొడ్డున నిలిచి ఉత్తరముగా చూచినచో నీరు దక్క మఱేమియు కానరాదు. 1981 వ సంవత్సరమునకు పూర్వము ఈ తీరమున నేడు నీరున్నచోట పొలములుండెను. గట్లు, బావులు, కళ్లములు, బండిబాటలు నుండెను. ఆ యేట నదీతీరపు పల్లెలనేకము లేచిపోవలసి వచ్చెను. సంగమేశ్వరాలయము మాత్రము వేసవిలో నీరు తగ్గినపుడు వెలికి వచ్చి, వఱద రాగానే మరల మునుగుచున్నది. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాళ్లు విప్పి అలంపురమునకు తరలించి తిరిగి కట్టిరి. ఆలయములకు ఈ విధముగా ఏదో యొక ఉపాయము దొరకినది. పొలమునకు దొరకలేదు.

మునిగిన పొలముయొక్క కొలత రెవెన్యూ లెక్కలలో నున్నది. సర్వే నంబరున్నది, ఎకరములున్నవి, సెంట్లున్నవి. కాని దాని రూపు అందులో లేదు. ఏ గట్టున ఏ తుమ్మ యుండెనో, మిట్ట యెచ్చటనో, వాలు ఏ వైపునకో, తొలకరికి దున్నిన నల్లరేగడి సాయంకాలపుటెండలో ఎట్లు కనబడుచుండెనో ఆ లెక్క చెప్పదు. బావి కట్టుబావియా, ఉత్త గుంటయా యను వాదము వచ్చినచో చూపుటకు పటము గలవారెందఱు? ఆ కాలమున మన పల్లెలలో ఫొటో యనగా పెండ్లికి తీయించునది. లేదా దరఖాస్తుకు అంటించునది. రీలు ఖరీదు, కడుగుకూలి, పట్టణమునకు పోయివచ్చు బస్సుచార్జి, ఇన్నియు భరించి చేనికి పటము తీయించిన వానిని చూచి ఊరివారు నవ్వియే యుందురు.

అయినను కెమెరా భుజమున తగిలించుకొని కొండలు, ఏళ్లు, అడవులు, చేలు తిరిగి నేలను పటము తీయుటయే వృత్తిగా గలవారు లోకమున నున్నారు. నాగలితో మొదలుపెట్టి ట్రాక్టరుతో ముగించిన రైతువలెనే, వారిలో ఒక తరమువారు ఫిలిముతో మొదలుపెట్టి అంకెలతో ముగించిరి. ఒక్క జీవితకాలములో వారి పనిముట్లన్నియు మాఱిపోయినవి. ఆ మార్పులో వచ్చినదేమి, పోయినదేమి యను విచారణ పటములు తీయువారికే కాక, నేటి దినమున జేబులో కెమెరా లేని రైతు అరుదు గనుక, మనకును పనికివచ్చునదియే.

ముందుగా ఫిలిము మాట. పలుచని పట్టీమీద జిలాటినను జిగురులో వెండిలవణములు కలిపి పూసినదే ఫిలిము. వెలుతురు సోకినచోట ఆ లవణములలో కంటికి కానరాని మార్పు కలుగును. దానిని చీకటిగదిలో మందునీళ్లలో ముంచినపుడు వెలుతురు తగిలిన తావులు నల్లని వెండిగా మాఱును; మిగిలిన లవణమును హైపో యను ద్రవము కరగించి తీసివేయును. దీనినే మనవారు ‘ఫిలిము కడుగుట’ యనిరి. కడిగిన ఫిలిములో అంతయు తలక్రిందే: ఆకాశము నల్లన, నీడ తెల్లన. ఇదియే నెగటివు. దీనినుండి కాగితముమీదికి ఎన్ని పటములనైన దింపుకొనవచ్చును. మనము విత్తనమునకై వేఱుగా తీసిపెట్టిన గింజ యెట్టిదో ఫొటో తీయువానికి నెగటివు అట్టిది. పటము చినిగినను, చెదలు తిన్నను, విత్తు ఇంటనున్నచో మరల పండించుకొనవచ్చును.

ఆ విత్తు ఎంతకాలము నిలువగలదో తెలిపెడి యుదాహరణము మనకు దగ్గఱలోనే యున్నది. 1856 లో అలెగ్జాండరు గ్రీన్లా యను మద్రాసు సైన్యపు అధికారి విజయనగర శిథిలములను, అనగా హంపీని, పటములు తీసెను. అప్పటికింకను ఫిలిము పుట్టలేదు. మైనము పట్టించిన పెద్ద కాగితములే నెగటివులు. ఆ కాగితములు చాలకాలము ఎవరి దృష్టికిని రాక, తుదకు బయటపడినవి. 1983 లో జాన్ గోలింగ్సను ఆస్ట్రేలియా దేశపు ఛాయాచిత్రకారుడు హంపీకి వచ్చి, గ్రీన్లా కెమెరా నిలిపిన తావులను వెదకిపట్టి, అచ్చటనే తానును నిలిచి, ఆ దృశ్యములనే మరల తీసెను. రెండు పటములను ప్రక్కప్రక్కన నుంచినచో 127 సంవత్సరములలో కూలినదేదో, నిలిచినదేదో, చెట్టు మొలిచినదెచ్చటనో వాదములేకుండ తేలును. కాగితము నిలిచినది గనుకనే ఇది సాధ్యమైనది. నిలిచిన తావు గుర్తుపట్టగలిగినందుననే దానికి విలువ కలిగినది. ఈ రెండవ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొందురు గాక. దీనితో తరువాత మనకు పని యున్నది.

మన సీమయెండలలో ఫిలిముతో పని చేయుట సులభము కాదు. మందునీళ్లు 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో నుండవలెనని పుస్తకములలో వ్రాసియుండును. కర్నూలు, నంద్యాల ప్రాంతములలో మే నెలలో తొట్టినీరే అంతకు మిక్కిలి వేడెక్కి యుండును. మంచుగడ్డలను తెప్పించి పళ్లెము చుట్టును పేర్చి చల్లబఱచుకొనవలసినదే. వేడి మితిమీఱినయెడల జిలాటిను మెత్తబడును, వెంటనే చన్నీటిలో పడినచో ఎండిన చెఱువుమట్టివలె నెఱ్ఱెలు విచ్చును, పటమంతయు పాడగును. కడుగుటకు మంచినీరు ధారాళముగా కావలెను. బోరునీటిలోని సున్నము ఫిలిముమీద మరకలు కట్టును. ఆరవేసినపుడు గాలిదుమారము లేచినచో ప్రతి ధూళికణమును పటములో తెల్లని చుక్కయై కూర్చుండును. వానకాలమున బూజు. ఇన్ని బాధలు పడినవానికి ఒక్కొక్క పటము విలువ తెలిసియుండుటలో వింత యేమున్నది?

రీలునకు 36 పటములు. పెద్ద రకపు రీలునకు 12 మాత్రమే. నీలగిరులలోని ఉదకమండలమున 1960 లో స్థాపించిన హిందూస్థాన్ ఫొటో ఫిలిమ్స్ కర్మాగారము ‘ఇందు’ అను పేర దేశీయముగా ఫిలిము చేయుచుండిన దినములలోను రీలు చౌక వస్తువు కాదు. కావున నేలను తీయువాడు గింజలు లెక్కపెట్టి నాటు పేదరైతువలె మెలగెడివాడు. తెల్లవాఱకముందే కొండయెక్కి, వెలుతురు వాలుగా పడి చాళ్లు తేటపడువఱకు కాచుకొనెడివాడు. కటకమునకు ముందు ఎఱ్ఱని గాజు తగిలించి నీలాకాశమును నల్లబఱచి, తెల్లని మేఘమును విడదీసి చూపెడివాడు. మీట నొక్కిన తరువాత పటము వచ్చినదో లేదో తెలిసికొనుటకు దినములు, ఒక్కొక్కపుడు వారములు పట్టెడిది. ఈ నిరీక్షణమువలన కలిగిన నిదానమే ఫిలిము నేర్పిన పెద్ద విద్యయని మా యభిప్రాయము.

నేలను నేలమీద నిలిచియే తీయవలెనను నియమము లేదు. ఆకాశమునుండి తీసిన ఫిలిము వ్యవసాయమునకు చేసిన మేలు మనవారిలో పలువురకు తెలియదు. ఆరోగ్యముగా నున్న ఆకు మన కంటికి పచ్చగా కనబడును గాని, ఎఱుపునకు ఆవలనున్న పరారుణ మను కానరాని వెలుతురును అంతకంటె నెంతయో మిక్కుటముగా తిప్పికొట్టును. తెగులు సోకినపుడు ఆ తిప్పికొట్టుట తగ్గును. ఆ వెలుతురును పట్టి ఎఱ్ఱరంగుగా చూపు ఫిలిము నొకదానిని చేసిరి. దానిలో ఏపుగా నున్న పైరు కుంకుమవలె ఎఱ్ఱగాను, రోగముతోనున్నది వెలవెలబోయియు కనబడును. 1970 ప్రాంతమున ఆచార్య పి.ఆర్. పిషారటిగారు కేరళమున కొబ్బరితోటలను వేరు వడలు తెగులు పట్టిన తావులలో ఈ ఫిలిముతో హెలికాప్టరునుండి పటములు తీయించిరి. మన దేశమున దూరమునుండి పంటను పరీక్షించు శాస్త్రమునకు అదియే మొదలు. ఆయన కొల్లంగోడున 1909 లో జన్మించి, సి.వి. రామనుగారి యొద్ద శిష్యఱికము చేసి, గాలివానల శాస్త్రమున జీవితమును గడపి, అఱువదవ యేట ఈ క్రొత్త పనికి పూనుకొనినవారు.

తరువాత 1974–75 లో అంతరిక్ష పరిశోధన సంస్థయు, భారత వ్యవసాయ పరిశోధన మండలియు కలిసి రెండు జిల్లాలను ఎన్నుకొని విమానమునుండి ఇట్టి పటములే తీయించినవి. ఒకటి పంజాబులోని పటియాలా. రెండవది మన అనంతపురము. గోధుమసీమ యొకటి, మెట్టసీమ యొకటి. విమానము దిగిన తరువాత ఫిలిమును కడిగి, బల్లమీద పఱచి, భూతద్దముతో చూచుచు, ఈ రంగు ఏ పైరుది, ఆ రంగు ఏ పైరుది యని చేలకు పోయి సరిచూచుకొని నిర్ణయించిరి. ఆకాశమునుండి పంటల లెక్క వేయవచ్చునను సంగతి రాయలసీమ నేలమీదనే పరీక్షింపబడినదని చెప్పుకొనుట మనకు న్యాయమైన సంతోషమే.

ఇచ్చటనే ఫిలిమునకు ఒక అవధి కనబడినది. ఉపగ్రహము భూమిచుట్టు సంవత్సరములతరబడి తిరుగును. దానికి రీలు మార్చుట యెట్లు? పటమును రేడియోలో పంపవలెను. రేడియోలో పంపుటకు పటము అంకెలుగా మాఱవలెను. 1969 లో అమెరికాదేశపు బెల్ ప్రయోగశాలలో బాయిలు, స్మిత్తు అను నిద్దఱు వెలుతురును విద్యుత్తుగా మార్చి వరుసలో చదువగల చిన్న సిలికాను బిళ్లను కనిపెట్టిరి. బిళ్లమీద గళ్లు గళ్లుగా నుండును. వాన కురిసినపుడు పెరటిలో వరుసగా పెట్టిన గిన్నెలలో నీరు చేరినట్లు ప్రతి గడిలోను వెలుతురు చేరును. ఏ గిన్నెలో ఎంత చేరినదో కొలిచి అంకె వేసినచో ఆ యంకెల పట్టికయే పటము. ఈ పనికి వారికి 2009 లో నోబెలు బహుమానమిచ్చిరి.

1988 మార్చి 17 న సోవియట్ దేశమునందలి బైకనూరునుండి లేచిన మన ఐ.ఆర్.ఎస్. 1ఎ ఉపగ్రహమున నుండిన కెమెరాలు ఈ జాతివే. వానిలో ఒకదాని గడి నేలమీద 72.5 మీటర్ల చదరము. అనగా సుమారు ఎకరము 30 సెంట్ల పొలమునకు ఒక్క చుక్క. రెండెకరముల రైతు చేను అందులో చుక్క యొకటి, మఱియొక చుక్కలో సగము! 2005 మే 5 న శ్రీహరికోటనుండి పోయిన కార్టోశాటు 1 నాటికి గడి 2.5 మీటర్లకు దిగినది; సెంటు నేలలో ఆఱు గళ్లకు పైగా పట్టును. హైదరాబాదునకు దక్షిణముననున్న షాద్‌నగరున 1979 నుండియు ఉపగ్రహముల మాటలు వినెడి కేంద్రమొకటి యున్నది. ఫిలిమును భూతద్దముతో చూడవలసినచోట అంకెలను కూడవచ్చును, తీసివేయవచ్చును. పరారుణపు అంకెనుండి ఎఱుపు అంకెను తీసివేసి పైరు బలమును కట్టు లెక్క ఇట్లే పుట్టినది. ఇది ఫిలిమువలన కాని పని.

చేతికెమెరాలో అంకెలు అంత తొందరగా కుదుర లేదు. ఫిలిము వర్తకమున లోకమునకెల్ల పెద్దయైన కొడాక్ కంపెనీలోనే స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు 1975 లో మొదటి డిజిటల్ కెమెరాను కట్టెను. పటమునకు చుక్కలు 10,000. ఒక్క పటము క్యాసెట్టు టేపుమీదికి ఎక్కుటకు 23 సెకండ్లు. తన పెరటిలో మొలిచిన మొక్కను ఆ కంపెనీ మనసారా పెంచలేదు. 2012 లో దివాలా దరఖాస్తు పెట్టుకొనినది. నేలను తీయువారు మఱింత ఆలస్యముగా కదలిరి. కొండమీద ఆకును, రాతిమీద నాచును తేటగా చూపవలసిన వారికి పదివేల చుక్కలతో పని జరుగునా? మొదటి ముప్పదియేండ్లు వారు దూరముననే నిలిచి చూచిరి.

అట్లు నిలిచి, తుదకు దాటిన వారిలో రైతుబిడ్డ యొకడున్నాడు. అతని కథ మన పత్రికకు తగినది గనుక కొంచెము విపులముగా చెప్పెదము.

సెబాస్టియావో సాల్గాడో 1944 ఫిబ్రవరి 8 న బ్రెజిలు దేశములో మినాస్ జెరాయిస్ రాష్ట్రపు ఐమోరెస్ అను నూర పుట్టెను. తండ్రికి పశువులమంద, అడవితో కూడిన పెద్ద కమతము. కుమారుడు అర్థశాస్త్రము చదివెను. దేశమున సైనికపాలన వచ్చినందున 1969 లో భార్య లెలియాతో ప్యారిసునకు పోయెను. తరువాత లండనులోని అంతర్జాతీయ కాఫీ సంస్థలో నుద్యోగము. కాఫీరైతుల పనులమీద ఆఫ్రికాకు పోవునపుడు భార్యయొక్క కెమెరాను వెంటబెట్టుకొని పోవుచుండెను. లెక్కలతో వ్రాసిన నివేదికకంటె ఆ పటములే నిజమును ఎక్కువగా చెప్పుచున్నవని తోచి, 1973 లో కొలువు విడిచెను. వయస్సు 29, చేతిలో వేఱు జీవనాధారము లేదు. అట్టి తెగువ అందఱకు ఉండదు. ఉండవలెనని మేమును చెప్పము.

తరువాతి ముప్పదియేండ్లు నలుపుతెలుపు ఫిలిమే అతని లోకము. ఆఫ్రికా కఱవులు, బ్రెజిలున సెర్రా పెలాడా బంగారుగనిలో మట్టిమూటలతో నిచ్చెనలెక్కు వేలకొలది మనుష్యులు, మన ధన్‌బాదు బొగ్గుగనులు, రాజస్థాను కాలువపనిలోని స్త్రీలు, ఇవి అతని పటములలోనికి వచ్చినవి. 1993 లో శ్రామికులను గూర్చిన గ్రంథము, 2000 లో వలసలను గూర్చిన గ్రంథము వెలువడినవి. రువాండాలో 1994 నాటి మారణకాండను కన్నులార చూచి వచ్చిన పిమ్మట అతని దేహము, మనస్సు రెండును చెడినవి. కెమెరాను ప్రక్కన పెట్టి తండ్రి కమతమునకు మరలి వచ్చెను.

వచ్చి చూచినచో చిన్ననాడు చూచిన అడవి లేదు. చెట్లు నఱికిరి; గడ్డి పశువులు తినినవి; మట్టి వానకు కొట్టుకొనిపోయినది; ఊటలెండినవి. లెలియా అడవిని మరల నాటుదమనెను. 1998 లో దంపతులు ఇన్స్టిట్యూటో టెర్రా యను సంస్థను స్థాపించి, సుమారు 700 హెక్టార్ల ఆ నేలమీద స్థానికజాతుల మొక్కలనే నాటింపసాగిరి. నాటినవన్నియు బ్రదికినవని కాదు. చచ్చినచోట మరల నాటిరి. ఇరువది యేండ్లలో ఇరువదిలక్షలకు మించి చెట్లు లేచినవి, ఊటలు తిరిగి పాఱినవి, పక్షులు వచ్చినవి. ఆ కమతము బోసినేలగా నున్ననాటి పటములు, అడవియైన తరువాతి పటములు రెండును ఉన్నవి గనుకనే లోకమీ మాట నమ్మినది. ఉత్తమాటగా చెప్పియుండినచో ఎవరు నమ్మియుందురు?

అడవి లేచుచుండగా అతనికి మరల కెమెరాపై మనసు పోయెను. ఈసారి మనుష్యుల బాధ కాదు, చెడక మిగిలిన నేలను తీయదలచెను. 2004 లో మొదలుపెట్టి ఎనిమిదేండ్లు ధ్రువప్రాంతములు, ఎడారులు, అడవులు, అగ్నిపర్వతములు తిరిగెను. పెద్ద రకపు ఫిలిము కెమెరా. యాత్రకు వందలకొలది రీళ్లు. ఇచ్చట చిక్కు వచ్చినది. 2001 సెప్టెంబరులో అమెరికాలో విమానములతో జరిగిన ఘోరముతరువాత విమానాశ్రయములలో ఎక్సు కిరణముల పరీక్ష కఠినమయ్యెను. ఆ కిరణములు ఒకటికి పదిసార్లు తగిలినచో కడుగని ఫిలిము మసకబాఱును. ప్రతి దేశమున అధికారులను బ్రతిమాలుకొనుట తప్పలేదు. నెలల కష్టము ఒక పెట్టెలో నుండగా దానిని యంత్రమున తోయుమనుట ఎట్టి వేదనయో, కోసిన పంట కళ్లమున నుండగా మబ్బు పట్టినపుడు రైతు పడు వేదనను ఎఱిగినవారికి వివరింప నక్కఱలేదు. 2008 లో, అఱువదినాలుగవ యేట, అతడు డిజిటల్ కెమెరా పట్టెను.

పట్టినాడు గాని పనిచేయు తీరును మార్చుకొనలేదు. కెమెరా వెనుకనున్న చిన్న తెరలో పటములు చూచుకొనుచు కూర్చుండలేదు, కంప్యూటరుముందును కూర్చుండలేదు. తీసినవానిని చిన్న చిన్న పటములుగా కాగితముమీద అచ్చొత్తించి, పూర్వమువలెనే భూతద్దముతో ఏఱుకొనెను. ఏఱినవానిని తన పనివారిచేత అంకెలనుండి తిరిగి పెద్ద ఫిలిముమీది నెగటివులుగా చేయించి, వానినుండి వెండికాగితముపై పటములు దింపించెను. అంకెలనుండి ఫిలిమునకు వెనుకకు నడచుట యేమని నవ్వినవారున్నారు. మేము నవ్వము. సంకరవిత్తనము వేసి పండించుకొనుచునే గాదెలో నాటువిత్తనమును దాచుకొను రైతుబుద్ధియే ఇది. 2013 లో ఆ గ్రంథము, 2021 లో అమెజాను అడవినిగూర్చిన గ్రంథము వెలువడినవి. సాల్గాడో 2025 మే 23 న ప్యారిసులో మరణించెను.

ఫిలిమునుండి దాటినవారందఱు తిరగబెట్టుకొనవలసిన అలవాటొకటి కలదు. మన పొలములలోనే అది తెలియును గనుక వ్రాయుచున్నాము. నల్లరేగడిలో ప్రత్తి విచ్చిన చేనిని మిట్టమధ్యాహ్నము తీయవలెననుకొందము. నేల కాటుకవలె నలుపు, దూది కంటికి కొట్టునంత తెలుపు. నెగటివు ఫిలిము తెలుపును కొంత సహించును, నీడను సహించదు. వెలుతురు చాలని నీడ ఫిలిములో ఉత్త గాజువలె మిగులును. కాబట్టి నీడను జూచి వెలుతురు కొలువుమని పాతవారు నేర్పిరి. డిజిటల్ బిళ్ల ఇందుకు వ్యతిరేకము. గిన్నె నిండి పొర్లినట్లు గడి నిండిపోయినచో ఆ తెలుపులో నింకేమియు మిగులదు. దూదిగింజయు, పురుగుతిన్న రంధ్రమును ఒక్కటే తెల్లని మచ్చ. నీడలో నున్నదానిని మాత్రము తరువాత కొంత పైకి లాగవచ్చును. కావున ఇపుడు తెలుపును కాపాడవలెను. నలుబదియేండ్లు కుడిచేతితో విత్తినవానిని ఎడమచేతితో విత్తుమన్నట్లే యిది. ఫోనుతో పైరు పటము తీయు రైతునకును ఇదే సూత్రము: తెరమీద తెల్లగా మెఱయుచున్న భాగమును వ్రేలితో తాకినయెడల చాల ఫోనులు వెలుతురును తామే తగ్గించుకొనును. అంతకంటె మేలు, ఉదయమో సాయంకాలమో తీయుట.

ఇక నిలువ మాట. ఫిలిము శాశ్వతమని భ్రమపడరాదు. పాత ఎసిటేటు ఫిలిము వేడికి, తేమకు కుళ్లి పుల్లని వాసన కొట్టుచు ముడుచుకొనును. రంగుల ఫిలిములో రంగులు వెలిసిపోవును. అయినను చెడుట మెల్లగా జరుగును, కంటికి కనబడును, వాసన వేయును. అంకెల పటము చెడుట అట్టిది కాదు. నిన్నటిదాక తెఱచుకొనిన డిస్కు నేడు తెఱచుకొనదు. ఫోను కాలువలో పడినచో మూడేండ్ల పటములు ఒక్క క్షణమున పోవును. దీనికి విత్తు వేఱుగా లేదు. కాని ఫిలిమునకు లేని వరమొకటి దీనికున్నది: నకలు మూలముతో అక్షరాల సమానము. నెగటివునుండి నెగటివు తీసినచో తేట తగ్గును. అంకెలనుండి అంకెలు వ్రాసినచో ఏమియు తగ్గదు. కావున నకళ్లు ఎక్కువ గలవాడే దీనిని నిలుపుకొనగలవాడు.

మనవారు వాట్సాపులో పటము పంపి, మూలమును చెఱిపివేయుచున్నారు. ఇది నష్టము. పంపునపుడు ఆ పటము చిన్నదగును. అంతేకాక తీసిన తేదీ, గంట, తావు తెలుపుచు పటములోనే దాగియుండు వ్రాత తొలగిపోవును. డాక్యుమెంటుగా పంపినచో ఆ వ్రాత నిలుచును. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమున వడగండ్లవంటి స్థానిక విపత్తులో కలిగిన నష్టమును 72 గంటలలో తెలుపవలెనని నియమము. ఈ-పంట నమోదులోను చేనినిలిచి తీసిన పటమునకు తావు గుర్తు చేర్చుచున్నారు. నష్టమైన దినమున తీసిన పటముతోబాటు, అదే చేను బాగుగా నున్ననాటి పటమును చూపగలవాని మాటకు బలమెక్కువ. గ్రీన్లా నిలిచిన తావును గోలింగ్సు వెదకిన ప్రయోజనము ఇచ్చట మనకు చేతికందుచున్నది.

చేయవలసినది స్వల్పము. పొలములో కదలని గుర్తు నొకదానిని ఎన్నుకొనవలెను. సర్వేరాయి గాని, బావిగట్టు గాని, పెద్ద వేపచెట్టు గాని కావచ్చును. అచ్చట నిలిచి, సూర్యుని వీపున నుంచుకొని, ఎదుట దూరమున కొండయో విద్యుత్ స్తంభమో పటములో పడునట్లు నిలుపుకొనవలెను. తొలకరికి ముందొకసారి, పైరు నిండుగా నున్నపుడొకసారి, కోతకు ముందొకసారి అదే తావున, అదే దిక్కున తీయవలెను. సర్వే నంబరు, పైరు, తేదీ వ్రాసిన కాగితమును చేతబట్టుకొని మఱియొక పటము తీసినచో పేర్లు పెట్టు శ్రమ తప్పును. ఏడాదికొకసారి సంఘములో కంప్యూటరున్నచోట సభ్యులందఱి పటములను రెండు డిస్కులకు ఎక్కించి, ఒక డిస్కును సంఘ కార్యాలయమునను, రెండవదానిని వేఱొక యూర నున్న సభ్యుని యింటను ఉంచవచ్చును. ఒక్కచోటనే రెండును ఉంచిన పిడుగుకో వఱదకో రెండును పోవును. కొన్నిటిని కాగితముమీద అచ్చొత్తించి, పట్టాదారు పాసుపుస్తకమున్న పెట్టెలోనే, తడి తగులకుండ పలుచని కాగితముల నడుమ నుంచుట మంచిది. పటము వెనుక వ్రాయునపుడు సిరాకలము గాక పెన్సిలు వాడవలెను.